చప్పిడి బువ్వ, దూరపు ప్రయాణం



ఊరికి పోయేటప్పుడు మన ఇళ్లలో తిండి మూట కడతారు. పులిహోర, ఆవకాయ, పెరుగన్నం, నాలుగు రొట్టెలు. ఇది తాతముత్తాతల నాటి అలవాటు. ఈ మూటలో ఏది ఎక్కువ సేపు నిలుస్తుంది? ఆవకాయ నిలుస్తుంది. ఎందుకని? అందులో ఉప్పు ఉంది, కారం ఉంది, పులుపు ఉంది, నూనె ఉంది. తిండిని పాడుచేసే సూక్ష్మజీవులకు నీళ్లు కావాలి. ఉప్పు ఆ నీళ్లను వాటికి అందనివ్వదు. అందుకే ఆవకాయ ఏడాది ఉంటుంది. ఉప్పు చేపలు నెలల తరబడి ఉంటాయి.

మరి ఉప్పు తినకూడని బిడ్డ ఉన్న ఇంట్లో మూట ఎట్లా కట్టాలి?

అటువంటి బిడ్డలు ఉన్నారు. కొందరు పిల్లలకు నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే జబ్బు వస్తుంది. ఇది మూత్రపిండాల జబ్బు. మూత్రపిండం జల్లెడ లాంటిది. రక్తంలో అక్కర లేనిదాన్ని బయటకు వదులుతుంది, కావలసినదాన్ని ఆపుతుంది. ఈ జబ్బులో జల్లెడ కన్నాలు పెద్దవి అయినట్టు అవుతుంది. ఒంటికి కావలసిన మాంసకృత్తులు మూత్రంలో పోతాయి. పొద్దున లేచేసరికి బిడ్డ కళ్ల చుట్టూ ఉబ్బి ఉంటుంది. తరువాత కాళ్లు, పొట్ట ఉబ్బుతాయి. మూత్రం నురగగా పోస్తాడు. పిల్లవాడు బొద్దుగా అయ్యాడని ఇరుగుపొరుగు మురిసిపోతారు. అది ఒళ్లు కాదు, నీరు.

ఇది ఎక్కువగా చిన్న పిల్లలకే, రెండేళ్ల నుంచి ఆరేళ్ల లోపు మొదలవుతుంది. మందుకు చాలామంది పిల్లలు బాగా లొంగుతారు. కానీ జబ్బు తగ్గి, మళ్లీ తిరగబెడుతూ ఉంటుంది. పెద్దయ్యేకొద్దీ చాలామందికి పోతుంది. అందాకా తల్లిదండ్రులకు ఓపిక కావాలి, ఆస్పత్రికి తిరగాలి. ఒంట్లో వాపు ఉన్నన్నాళ్లు డాక్టరు ఉప్పు తగ్గించమంటాడు. ఉప్పు ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, వాపు పెంచుతుంది. మళ్లీ ఉప్పు ఎప్పుడు వేయాలో కూడా డాక్టరే చెబుతాడు.

ఆదిలాబాదు జిల్లాలో ఒక పల్లె అనుకోండి. అందులో ఒక తల్లి. ఆమెకు ఎనిమిదేళ్ల కొడుకు, నాలుగేళ్ల కూతురు. కొడుకుకు ఈ జబ్బు. హైదరాబాదు నీలోఫర్ పిల్లల ఆస్పత్రిలో చూపిస్తున్నారు. దారి దాదాపు 300 కిలోమీటర్లు. చిన్నదాన్ని విడిచి వెళ్లలేదు, అది తల్లి కొంగు వదలదు. కనుక ఇద్దరు పిల్లలనూ, అత్తనూ వెంటబెట్టుకుని రాత్రి బస్సు ఎక్కుతుంది. తెల్లవారేసరికి హైదరాబాదు. పొద్దున చీటీ, తరువాత వరుస, తరువాత డాక్టరు, తరువాత మందుల దగ్గర వరుస. తిరుగు బస్సు ఎక్కేసరికి సాయంత్రం. అంటే రాత్రి తిండి, పొద్దుటి తిండి, మధ్యాహ్నం తిండి, మూడు పూటలు వెంట ఉండాలి.

బయట కొనవచ్చు గదా అంటారేమో. ఏం కొంటారు? ఇడ్లీలో ఉప్పు ఉంటుంది, చాలాచోట్ల సోడా కూడా వేస్తారు. వంట సోడా కూడా ఉప్పుకు చుట్టమే. మిక్చరు, చిప్సు, బ్రెడ్డు, బిస్కట్టు, అన్నిట్లో ఉప్పే. తియ్యటి బిస్కట్టులో కూడా ఉప్పు ఉంటుంది. నాలుకకు తెలియదు, అంతే. మజ్జిగ ప్యాకెట్టులోనూ ఉప్పు వేస్తారు.

ఇంకో సంగతి ఉంది. ఈ జబ్బుకు ఇచ్చే మందు పేరు ప్రెడ్నిసొలోన్. దీన్ని స్టిరాయిడ్ మందు అంటారు. ఈ మందు వేసుకునే పిల్లలకు ఆకలి విపరీతంగా వేస్తుంది. తిన్న గంటకే మళ్లీ అడుగుతారు. ఇది తిండిపోతుతనం కాదు, మందు గుణం. బస్సులో పక్కవాళ్లు మిరపకాయ బజ్జీ తింటుంటే ఆ బిడ్డ చూపు ఎట్లా ఉంటుందో తల్లికే తెలుసు.

మొదటిసారి పోయినప్పుడు ఆ తల్లి మూడు పూటల చప్పిడి అన్నం ఒకే పెద్ద డబ్బాలో పెట్టుకుంది. వేడివేడిగా మూత బిగించింది. ఏప్రిల్ నెల. మరునాడు మధ్యాహ్నం ఆస్పత్రి చెట్టు కింద మూత తీస్తే అన్నం జిగురు సాగింది. పప్పు పులిసింది. కొడుకు గిన్నె పట్టుకుని కూర్చున్నాడు.

"అమ్మా, పెట్టు."

"పాడైంది బిడ్డా. పారబోస్తా."

అత్త తట్టుకోలేకపోయింది. "పిలగాడు ఆకలికి ఏడుస్తుండు. ఒక్క ముద్ద తింటే ఏమైతది? మేమందరం పాశిపోయిన బువ్వ తిని పెరగలేదా?"

"మనం తిన్నం అత్తమ్మా. వానికి మాత్రల మీద ఒంట్లో బలం తక్కువ. డాక్టరమ్మ చెప్పింది గదా."

కోడలు చెప్పింది నిజం. స్టిరాయిడ్ మందు జబ్బును ఆపుతుంది. అయితే రోగాలతో పోరాడే శక్తిని కూడా కొంత తగ్గిస్తుంది. పెద్దవాళ్లకు పొట్ట ఉబ్బరంతో పోయేది ఆ బిడ్డను ఆస్పత్రిలో పడుకోబెట్టవచ్చు. వాంతులైతే మింగిన మాత్ర కూడా బయటకు వస్తుంది. ఆ రోజు పిల్లవాడు రెండు అరటిపళ్లు తిని సాయంత్రం దాకా ఉన్నాడు.

ఇంటికి వచ్చాక ఆమె ఊరుకోలేదు. అంగన్‌వాడీ టీచరును అడిగింది. టీకాలు వేసే ఏఎన్ఎమ్ అక్కను అడిగింది. మీకు కూడా పనికివచ్చేది ఆ అక్క చెప్పిన సంగతే.

వేడి అన్నం మీద మూత పెడితే ఏమవుతుంది? ఆవిరి లోపలే ఉంటుంది. అన్నం మెల్లగా చల్లారుతుంది. ఆ గోరువెచ్చటి వేళే సూక్ష్మజీవులకు పండుగ. బాగా చల్లగా ఉంటే, అంటే 5 డిగ్రీల లోపు, అవి దాదాపు పెరగవు. బాగా వేడిగా ఉంటే, అంటే 60 డిగ్రీల పైన, అప్పుడూ పెరగవు. మధ్యలోనే పెరుగుతాయి. అనువైన చోట కొన్ని రకాలు ఇరవై నిమిషాలకే రెట్టింపు అవుతాయి. ఒకటి రెండు, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది. మీరు లెక్కలు నేర్చుకున్నారు గదా, రాత్రి 8 నుంచి పొద్దున 6 దాకా ఎంత అవుతుందో పలక మీద వేసి చూడండి. పలక చాలదు!

వండిన తిండి బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన ఎండాకాలంలో గంట అనుకోవడం మంచిది.

మళ్లీ వేడి చేస్తే సరిపోదా? సరిపోదు. అన్నంలో పెరిగే ఒక రకం సూక్ష్మజీవి విషం విడుస్తుంది. సూక్ష్మజీవి చచ్చినా ఆ విషం ఉడికించినా పోదు. ఇంకొకటి, పాడైన తిండి అంతా కంపు కొట్టదు. ముక్కును నమ్మి బిడ్డకు పెట్టరాదు.

కాబట్టి ఉపాయం రెండే రకాలు. బాగా వేడిగా ఉంచాలి. లేదా బాగా చల్లగా ఉంచాలి.

వేడిగా ఉంచడం ఒక పూటకు తేలిక. ప్లాస్కు ఉంటే చాలు. ముందు మరిగే నీళ్లు పోసి కడిగి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు పొయ్యి మీది జావ పోసి మూత బిగించాలి. రాత్రి బస్సులో బిడ్డ లేచి ఆకలి అంటే జొన్న జావ సిద్ధంగా ఉంటుంది. పొద్దుటికి అది గోరువెచ్చన అయితే మాత్రం వాడవద్దు.

చల్లగా ఉంచడానికి మంచు కావాలి, మంచు కరగకుండా పెట్టె కావాలి. ఏఎన్ఎమ్ అక్క భుజానికి తగిలించుకు వచ్చే టీకాల పెట్టె మీరంతా చూసినదే. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పటి నుంచి ఊరూరా ఆ పెట్టె తిరిగింది. అందులో నాలుగు పక్కలా నాలుగు మంచు పలకలు ఉంటాయి, మధ్యలో మందు. గోడలు మందం. మండుటెండలో ఆ మందు చెడకుండా పిల్లల నోట్లో పడ్డది. 2014 మార్చిలో మన దేశం పోలియో లేని దేశమని ప్రకటించారు. అందులో ఆ పెట్టె పాలు కూడా ఉంది.

అది ప్రభుత్వపు టీకాల పెట్టె. తిండికి అడగకూడదు, అక్క ఇవ్వకూడదు. కానీ దాని పద్ధతి మనం తీసుకోవచ్చు. థర్మోకోల్ పెట్టె మందుల దుకాణంలో పారేస్తారు. అడిగితే ఇస్తారు. చేపల పెట్టె వద్దు, వాసన పోదు. థర్మోకోల్ నిండా చిన్న చిన్న గాలి బుడగలు ఉంటాయి. కదలని గాలి వేడిని లోపలికి రానివ్వదు. ఊక, రంపపు పొట్టు చేసే పని కూడా ఇదే.

రంపపు పొట్టు అంటే గుర్తుకు వచ్చింది, వినండి. 1833లో అమెరికా నుంచి కలకత్తాకు ఓడలో మంచు గడ్డలు తెచ్చారు. నాలుగు నెలల ప్రయాణం, మధ్యలో ఎండల దేశాలు. రంపపు పొట్టులో పొదిగి తెచ్చారు. దాదాపు 180 టన్నులు బయలుదేరితే 100 టన్నుల దాకా మిగిలింది. తరువాత మద్రాసుకూ తెచ్చారు. సముద్రపు ఒడ్డున ఆ మంచు దాచడానికి కట్టిన ఇంటిని ఐస్ హౌస్ అన్నారు. ఆ ఇల్లు ఇప్పటికీ ఉంది. నాలుగు నెలలు నిలిచిన మంచును మనం ఒక రాత్రి నిలుపుకోలేమా?

ఆ తల్లి ఇంట్లో ఫ్రిజ్ లేదు. పక్కింట్లో ఉంది. "వదినా, నాలుగు సీసాలు మీ ఫ్రిజ్‌ల పెట్టుకోనియ్యి, గురువారం తీసుకపోతా" అని అడిగింది. ఆ వదిన కాదనలేదు. సీసాల్లో నీళ్లు నిండా పోయరాదు. నీరు గడ్డకడితే పెరుగుతుంది, సీసా పగులుతుంది. మూడు వేళ్ల మందం ఖాళీ వదలాలి. గడ్డ కట్టడానికి ఒక రాత్రి సరిపోకపోవచ్చు, రెండు రోజుల ముందే పెట్టాలి. సీసాలో మంచు పెడితే ఇంకో లాభం ఉంది. కరిగినా తిండి తడవదు. కాచి చల్లార్చిన నీళ్లు పోస్తే, కరిగినాక తాగడానికీ పనికివస్తుంది. ఫ్రిజ్ దొరకనివాళ్లు ఐస్ ఫ్యాక్టరీ గడ్డ కొనవచ్చు. అయితే అది ఏ నీళ్లతో చేస్తారో తెలియదు. కవరులో మూటకట్టి తిండికి తగలకుండా పెట్టాలి. తాగే నీళ్లలో వేయనే వేయరాదు. ముక్కల కంటే గడ్డ ఎక్కువ సేపు ఉంటుంది. తిండి ఎంత బరువుంటే మంచు అంతకు తగ్గకుండా ఉండాలి.

వేడి తిండి మంచు పెట్టెలో పెడితే తిండి చల్లబడదు, మంచు కరుగుతుంది. అందుకని వండగానే అన్నాన్ని వెడల్పు పళ్లెంలో పరిచి, ఆ పళ్లేన్ని చల్లటి నీళ్ల టబ్బులో పెట్టాలి. పైన పల్చటి గుడ్డ కప్పాలి. ఆవిరి పోయి తొందరగా చల్లారుతుంది. చల్లారగానే, గంట దాటకుండా, డబ్బాలకు ఎత్తాలి. ఒక పెద్ద డబ్బా వద్దు. పూటకు ఒక చిన్న డబ్బా. ఒకటి తెరిస్తే రెండోదానికి చెయ్యి తగలదు. పిల్లవాడు సగం తిని వదిలింది మళ్లీ పెట్టెలో పెట్టవద్దు.

అడుగున ఒక సీసా, పక్కల రెండు, పైన ఒకటి. పైన తప్పక పెట్టాలి, ఎందుకంటే చల్లగాలి కిందికి దిగుతుంది. సందులుంటే పాత చీర ముక్కలు కుక్కాలి. మూత చుట్టూ పట్టీ అతికించి, పెట్టెకు దుప్పటి చుట్టాలి. దుప్పటి కప్పితే వేడి పుడుతుంది గదా అని అత్తకు అనుమానం వచ్చింది. మంచిదే, అడగవలసిన మాటే. దుప్పటి వేడిని పుట్టించదు. ఉన్నదాన్ని అటు ఇటు పోనివ్వదు. మనిషికి కప్పితే ఒంటి వేడి బయటకు పోదు. మంచుకు కప్పితే బయటి వేడి లోపలికి పోదు.

ఇక పిల్లల సంగతి. పెట్టె అంటే పిల్లలకు ఆట. నీళ్లకు ఒకసారి, పండుకు ఒకసారి, ఊరికే ఒకసారి మూత తీస్తారు. తీసిన ప్రతిసారీ చల్లదనం పోతుంది. అందుకే నీళ్లు, అరటిపళ్లు, కీరకాయలు, ఉప్పు లేని వేయించిన పల్లీలు, బెల్లం, పేలాలు వేరే సంచిలో పెట్టాలి. వాటికి మంచు అక్కర లేదు. ఆ సంచి పిల్లలది. పెట్టె అమ్మది. బొరుగులు మాత్రం చూసి కొనాలి. వాటిని చాలాచోట్ల ఉప్పు నీళ్లు చల్లి వేయిస్తారు.

బస్సులో పెట్టెను ఇంజను పక్కన, ఎండ పడే కిటికీ దగ్గర పెట్టరాదు. కాళ్ల మధ్య పెట్టుకోవాలి.

నీళ్ల సీసాకు మంచు లేకపోయినా ఫరవాలేదు. తడి గుడ్డ చుట్టి కిటికీకి కడితే చల్లబడుతుంది. కుండలో నీళ్లు చల్లబడేదీ ఇట్లాగే. తడి ఆరేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. ఆఫ్రికాలో నైజీరియా దేశంలో మహమ్మద్ బా అబ్బా అనే ఉపాధ్యాయుడు దీన్ని బాగా వాడుకున్నాడు. కుండలో కుండ పెట్టి, మధ్య తడి ఇసుక పోశాడు. మూడు రోజుల్లో వాడిపోయే వంకాయలు 27 రోజులు నిలిచాయి. 2000లో ఆయనకు రోలెక్స్ బహుమతి వచ్చింది. ఇది ఆదిలాబాదు, అనంతపురం లాంటి పొడి ఎండల్లో బాగా పనిచేస్తుంది. కాకినాడ, నెల్లూరు వైపు చెమట పట్టే ఉక్కలో అంతగా పనిచేయదు, గుడ్డ ఆరదు గదా. ఇది నీళ్లకు, కూరగాయలకు బాగు. వండిన అన్నాన్ని, పప్పును దీన్ని నమ్మి రోజంతా ఉంచరాదు. మంచు చేసే పని తడి గుడ్డ చేయదు.

రుచి మాటేమిటి? చప్పిడి అంటే పిల్లవాడు మొహం తిప్పుకుంటాడు. నిమ్మరసం, చింతపండు, అల్లం, వెల్లుల్లి, జీలకర్ర, కొత్తిమీర, పచ్చిమిర్చి, వీటిలో ఉప్పు వేసినంత రుచి తేవచ్చు. ఆ తల్లి నిమ్మకాయ పులిహోరలో అల్లం, పల్లీలు, కరివేపాకు దండిగా వేసింది. పులుపు వల్ల తిండి కొంచెం ఎక్కువ నిలుస్తుంది కూడా. అంతమాత్రాన మంచు లేకుండా వదిలేయరాదు. దుకాణాల్లో తక్కువ సోడియం ఉప్పు అని అమ్ముతారు. అందులో పొటాషియం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు అది ప్రమాదం కావచ్చు. డాక్టరును అడగకుండా కొనవద్దు.

రెండోసారి ప్రయాణంలో ఆమె ఇంకో పని చేసింది. ఆవకాయ జాడీ ఇంట్లోనే ఉంచింది. అందరికీ ఒకటే తిండి. అత్తకు చప్పిడి గొంతు దిగలేదు. అయినా బస్సులో మనవడి ముందు ఒక్క మాట అనలేదు. "ఏమో అనుకున్నగని, బాగనే ఉందిర" అంది. చిన్నది మాత్రం బస్టాండులో మిక్చరు కోసం గీపెట్టింది. బెల్లం ముక్క ఇస్తే ఊరుకుంది.

ఇప్పుడు చదువు సంగతి. ఈ తల్లి అక్షరాలు నేర్చి రెండేళ్లు కాలేదు. ప్రతి డబ్బా మూత మీద కాగితం అతికించి రాసింది: "పులిహోర. వండింది సాయంత్రం 6." "రొట్టె, పప్పు. సాయంత్రం 6." దానివల్ల రాత్రి నిద్రమత్తులో ఏది ఎప్పటిదో వెతుక్కోలేదు. పొద్దున వరుసలో తాను నిలబడితే, పక్కన కూర్చున్న అత్త కాగితం చూపి ఇంకొకరి చేత చదివించుకుంది. పెట్టె తెరిచినప్పుడు ముందు సీసా చూడాలి. సీసాలో మంచు గడ్డ కనబడుతూ, డబ్బా చేతికి చల్లగా తగిలితే తినవచ్చు. మంచు అంతా కరిగి డబ్బా చల్లదనం పోతే, ఎప్పుడు పోయిందో మనకు తెలియదు కనుక, బిడ్డకు పెట్టవద్దు.

అందుకే మధ్యాహ్నానికి ఆమె వండిన తిండి మీద ఆధారపడలేదు. ఎండు అటుకులు తీసుకుపోయింది. అక్కడ పెరుగు ప్యాకెట్టు కొని, అప్పటికప్పుడు నానబెట్టి కలిపింది. మామూలు పెరుగులో ఉప్పు కలపరు. అయినా ప్యాకెట్టు మీద చూసుకోవాలి. అట్ట పెట్టెలో వచ్చే పాలకు తెరిచేదాకా మంచు అక్కర లేదు. చిన్నది ఒకటి కొంటే ఒక్కసారికే అయిపోతుంది.

పొద్దున పులిహోర తిన్నాకే మాత్ర వేసింది. ఈ మాత్ర పరగడుపున వేయరాదు. డాక్టరు చెప్పకుండా మానేయనూరాదు. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. దారిలో వాంతులు, విరేచనాలు, జ్వరం వస్తే ఇంటికి పోయి చూద్దాం అనుకోకుండా దగ్గరి ఆస్పత్రికి పోవాలి. స్టిరాయిడ్ మందు వాడుతున్నామని ముందే చెప్పాలి.

డాక్టరమ్మ ముందు ఆమె ఒక నోటు పుస్తకం పెట్టింది. రోజూ పొద్దున మూత్రం పట్టీతో చూసి తారీఖు వేసి రాసిన పుస్తకం. మాంసకృత్తులు పోతుంటే ఒకటో రెండో మూడో కూడిక గుర్తులు, పోకపోతే "లేదు" అని. గడిచిన పదకొండు రోజులు వరుసగా "లేదు" అని ఉంది. డాక్టరమ్మ ఆ పేజీ రెండుసార్లు చూసింది. మందు కొంచెం తగ్గించింది. ఉప్పు మాత్రం వచ్చేసారి చూద్దాం అంది.

ఇంటికి చేరాక పెట్టెను సబ్బు నీళ్లతో కడిగి, మూత తీసి నీడన ఆరబెట్టాలి. తడిగా మూసి పెడితే బూజు పడుతుంది, మళ్లీ పనికిరాదు. డబ్బాల మీది కాగితాలు చింపేయాలి, పాత తారీఖుతో పొరపాటు పడకుండా. సీసాలు కడిగి పక్కింటి వదినకు ముందే ఇచ్చి ఉంచితే మంచిది. మళ్లీ ఎప్పుడు పోవాలో నోటు పుస్తకం అట్ట మీద రాసి ఉంది.